ధర అడిగిన నేరం

పడవలు ఒడ్డెక్కే వేళకు మైపాడు ఇసుకలో ఎంతమంది ఆడవాళ్లున్నా పోలేరమ్మను ఇట్టే పోల్చుకోవచ్చు. ఆమె మొదటి పడవ దగ్గర ఆగదు. ఖాళీ గంప చంకన పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడుస్తుంది. ఒకచోట కానాగంతల కుప్పలో చెయ్యి పెట్టి చల్లదనం చూస్తుంది. ఇంకోచోట చందువ మొప్ప ఎత్తి ఎరుపు చూస్తుంది. ప్రతి పడవ దగ్గరా ధర అడుగుతుంది, పెదవి విరుస్తుంది, ముందుకు పోతుంది. ఆరేడు పడవలు తిరిగి, మళ్లీ వెనక్కి వచ్చి, అప్పుడు గంప దించుతుంది. దీన్ని ఏ పడవవాడూ తప్పు పట్టడు. అక్కడ అడగకుండా కొన్నవాళ్లనే ఎగతాళి చేస్తారు.

ఆ విద్య ఆమెకు అత్త నేర్పింది. కాపురానికి వచ్చిన కొత్తలో మొదటి పడవ దగ్గరే కవళ్ల చేపలు కొనేసి గంప నెత్తికెత్తుకుంటే, అత్త ఆ గంప దించనివ్వకుండానే మిగిలిన పడవలన్నిటి చుట్టూ తిప్పింది. "అడగతా రా. అడిగితే పోయేదేముందే నీకు?" అంటూ. ఒడ్డంతా నవ్వింది. మెడనొప్పి మూడు రోజులుంది. ఇరవై ఆరేళ్లు గడిచాయి, అత్త పోయింది, పాఠం మాత్రం పోలేదు. ఆ పాఠాన్నే మొన్న ఒక కంప్యూటరు ఆమె పేరు పక్కన తప్పు కింద రాసిపెట్టింది.

మైపాడుకు నెల్లూరు ఏమంత దూరం కాదు. నెత్తిన చేపల గంప ఉన్న మనిషికి మాత్రం చాలా దూరం. గంపను చూడగానే కొందరు కండక్టర్లు బస్సును ఆపనివ్వరు. షేర్ ఆటోవాళ్లు మనిషికి ఒక టికెట్టు, గంపకు రెండు అంటారు. ఎక్కినా పక్కనున్నవాళ్లు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటారు. ఆదివారం వంజరం ముక్క కోసం ఎగబడేదీ వాళ్లే. నెల్లూరు కాలనీలు చేరేసరికి పది దాటుతుంది, ఐసు నీళ్లయిపోతుంది. మధ్యాహ్నమయ్యాక చేపకు ధర చెప్పేది అమ్మే మనిషి కాదు, కొనే మనిషి. ఎంతంటే అంతకిచ్చి ఇంటికి రావాల్సిందే. ఇరవై ఆరేళ్లు ఇదే బతుకు.

అందుకని ఆమెకు బండి కావాలి. వెనక ఐసుపెట్టె బిగించిన మూడు చక్రాల ట్రాలీ ఆటో.

అలాంటి బండి సమాధానం అనే పెద్దమనిషి దగ్గర ఉంది. ఇందుకూరుపేటలో ఉంటాడాయన. పదకొండేళ్లు మైపాడు చేపను బుచ్చిరెడ్డిపాలెం దాకా తిప్పిన మనిషి. మోకాళ్లు అరిగిపోయి, ఇక బండి జోలికి పోవద్దని డాక్టరు చెప్పాక అమ్మకానికి పెట్టాడు. పోలేరమ్మకు నడపడం నేర్పింది కూడా ఆయనే, చర్చి వెనక ఖాళీ స్థలంలో. మొదటిరోజు ఆమె బండిని తీసుకెళ్లి ముళ్లకంప మీదికి ఎక్కించింది. చూడటానికి వచ్చిన మొగుడు హజరత్తయ్య, పడవ మీద కూలికి వేటకు పోయే మనిషి, ఆ ముచ్చట వారం రోజులు పడవలో చెప్పుకుని నవ్వించాడు. మా ఆడమనిషి వేటకు పోయి కంపచెట్టును పట్టుకొచ్చిందని. ఆమె మాత్రం పట్టు వదల్లేదు. రెండోసారి పరీక్షకు వెళ్లి లైసెన్సు తెచ్చుకుంది. ఆ వీధిలో ఆడమనిషి చేతికి వచ్చిన మొదటి లైసెన్సు అది. ప్లాస్టిక్ కవరులో పెట్టి జాకెట్లో దాచుకుని తిరిగేది. బండి ఇంకా రాలేదు, నడిపే హక్కు మాత్రం వచ్చేసింది.

"నెలాఖరు దాకా నీ కోసం ఆపతానమ్మా," అన్నాడు సమాధానం. "ఆ తరవాత నన్ను ఇబ్బంది పెట్టొద్దు. బుచ్చిలో కోళ్ల షాపాయన రొక్కం చేత పట్టుకోని కూచున్నాడు. నా మోకాళ్ల ఆపరేషనుకు నాకూ కావాల గదా."

ఆయన మాటలో న్యాయముంది. పోలేరమ్మ మరునాడే నెల్లూరులో బ్యాంకుకు వెళ్లింది.

అప్పుల బల్ల దగ్గర సుప్రియ అనే అమ్మాయి ఉంది, ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా నిండని పిల్ల. పాన్ కార్డు తీసుకుని కంప్యూటరులో చూసింది. పోలేరమ్మ గతంలో తీసుకున్న అప్పులన్నీ అందులో ఉన్నాయి. వాయిదాల మీద కొన్న ఫ్రిజ్, కమ్మలు తాకట్టు పెట్టి తెచ్చిన బాకీ, అన్నీ నెల తప్పకుండా కట్టేసినవే. వాటిని బట్టి మెషీను వేసిన స్కోరు ఏడు వందల నలభై ఆరు. మా బ్రాంచిలో ఏడు వందల ఇరవై అయిదు దాటితే చాలు, మీకు ఇబ్బంది ఉండదు అని చెప్పింది సుప్రియ. తేవాల్సిన కాగితాల జాబితా ఇచ్చింది. పద్నాలుగు కాగితాలు. అన్నీ తెచ్చి అప్పు చేతికొచ్చేసరికి రెండు వారాలు పడుతుందంది.

ఆ జాబితాలో రేషన్ కార్డు ఉంది, కరెంటు బిల్లు ఉంది, బండి కొలతలు కూడా ఉన్నాయి. ఈ రెండు వారాలూ ఇంకెవరినీ అప్పు అడగొద్దనే ఒక్క ముక్క మాత్రం లేదు. గోడ మీద లేదు, బల్ల మీద లేదు, సుప్రియ నోటా రాలేదు.

పోలేరమ్మ వడ్డీ ఎంతో కనుక్కుంది. బ్యాంకు గడప దిగుతూనే ఆమె బుర్ర తన దారిలో తాను పనిచేయడం మొదలుపెట్టింది. ఇది మొదటి పడవ. మిగిలిన పడవలు చూడకుండా గంప ఎట్లా దించుతుంది?

మిగిలిన పడవలు ఆమెను వెతుక్కుంటూ ఒడ్డుకే వచ్చాయి. వేలం పాడే షెడ్డు పక్కన ఒక గొడుగు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, చేతిలో ట్యాబుతో క్రాంతి కుమార్. నెల్లూరు కుర్రాడు. ఏ కంపెనీ వాడో ఎవరూ అడగలేదు. అన్ని కంపెనీలూ తనవే అన్నట్టు మాట్లాడేవాడు. అక్కా అనకుండా మాట పూర్తి చేయడు. బ్యాంకువాళ్లు తిప్పుతారక్కా, మా వాళ్లు మూడు రోజుల్లో ఇస్తారు, వడ్డీ కూడా తక్కువే పడొచ్చు అన్నాడు. పోలేరమ్మ ఇంకా ఆలోచిస్తుంటే ఆఖరుకు ఆ మాటా అన్నాడు.

"ఊరికే చూడటమే గదక్కా. అడిగితే పోయేదేముంది?"

చచ్చిపోయిన అత్త వచ్చి ఎదురుగా నిలబడి చెప్పినట్టయింది. పోలేరమ్మ మూడు కంపెనీలను అడగమంది. ఆధార్ జిరాక్సు ఒకటి ఇచ్చింది. ఫోనుకు వచ్చిన అంకెలు మూడుసార్లు చదివి చెప్పింది. చూపిన చోటల్లా వేలు పెట్టి నొక్కింది. తెర మీద అక్షరాలు ఇంగ్లీషులో గసగసాలంత ఉన్నాయి. అవి చదవమని అతను చెప్పలేదు, ఆమె చదవలేదు. చదువుకున్నవాళ్లు మాత్రం చదువుతున్నారా?

మూడు కంపెనీల వడ్డీలూ బ్యాంకు కంటే ఎక్కువే. పోలేరమ్మ పెదవి విరిచి లేచి వచ్చేసింది. ఆమె లెక్కలో అక్కడితో అయిపోయింది. ఎక్కడా కొనలేదు, ఎవరికీ మాట ఇవ్వలేదు. నాలుగు పడవల్లో మొదటిదే నయమని తేలింది, అంతే. ఆ సంగతి విని హజరత్తయ్య కూడా సంతోషపడ్డాడు, మా అమ్మ ఉండుంటే మెచ్చుకోనుండు అన్నాడు.

పద్నాలుగు కాగితాలూ పోగుచేసుకుని ఇరవై మూడో తేదీన బ్యాంకుకు వెళ్లింది. అప్పు ఖాయం చేసే ముందు ఇంకోసారి చూడాలని సుప్రియ కంప్యూటరులో పేరు కొట్టింది. కొట్టి, తెర మీద వేలు పెట్టి వరసగా లెక్కపెట్టింది.

"పోలేరమ్మ గారూ, ఈమధ్య ఇంకెక్కడైనా లోన్ అడిగారా?"

"అడిగినా. మూడు చోట్ల. ఎవురూ మీ కంటే తక్కువ చెప్పలా," అంది పోలేరమ్మ కాస్త గర్వంగానే.

"మాది కాకుండా ఇక్కడ ఏడు చూపిస్తోందండీ. పదకొండు రోజుల్లో ఏడు."

స్కోరు ఏడు వందల మూడుకు దిగింది. ఎందుకు దిగిందో సుప్రియ ఓపిగ్గానే చెప్పింది. మనం ఎక్కడైనా అప్పుకు దరఖాస్తు పెడితే, ఆ కంపెనీ మన పాత బాకీల చరిత్ర తెప్పించుకుని చూస్తుంది. ఎవరు తెప్పించుకున్నారో, ఏ రోజో, ఆ చరిత్రలోనే నమోదవుతుంది. ఒకటీ అరా అయితే నాలుగైదు మార్కులు తగ్గి కొన్నాళ్లకు సర్దుకుంటుంది. కొద్ది రోజుల్లోనే వరసగా పడితే మాత్రం, ఈ మనిషికి డబ్బుకు కటకటగా ఉంది, అందరూ కాదంటుంటే గడప గడపా తిరుగుతోంది అని మెషీను అనుకుంటుంది. అప్పు తీసుకున్నదీ లేనిదీ దానికి అనవసరం.

"నేను అప్పు తీసుకోలేదు గదమ్మా. ధర అడిగినా," అంది పోలేరమ్మ. "అడిగిందానికి మార్కులు తీసేస్తారా?"

"మెషీనుకు రెండూ ఒకేలా కనపడతాయండీ."

"మరి ఈ మాట మొదటిరోజే ఎందుకు చెప్పలా? పద్నాలుగు కాగితాలు చెప్పినావే. ఇది పదిహేనోది చెప్పుంటే నీ నోరు నొప్పి పుట్టుండునా?"

పక్క బల్లల వాళ్లు తలలెత్తి చూశారు. సుప్రియ మొహం ఎర్రబడింది. చెప్పాలని మాకూ ఎవరూ చెప్పరండీ అంది నెమ్మదిగా. లేచి మేనేజరు గదిలోకి వెళ్లి, అయిదు నిమిషాల్లో తిరిగొచ్చింది. స్కోరు మళ్లీ పెరిగేదాకా బ్రాంచి చేతిలో ఏమీ లేదట. ఆరు నెలలు ఆగి రమ్మన్నారట.

ఆరు నెలలు. నెలాఖరుకు ఇంక వారముంది.

మైపాడు దారిలో నరేంద్రబాబు రొయ్యల గుంటలున్నాయి. ఆయన ఏ బ్యాంకు బల్ల ముందూ నిలబడడు. బ్యాంకువాళ్లే కారేసుకుని గట్టు మీదికి వస్తారు, కొబ్బరిబోండాలు తాగుతారు, ఇంకొంచెం తీసుకోండి బాబూ అని బతిమాలతారు. వడ్డీ తగ్గించమని ఆయన కుర్చీలో కూచునే అడుగుతాడు, అది ఎక్కడా నమోదు కాదు. నాలుగు చోట్ల తిరిగి అడగాల్సిన అవసరం ఉన్నది పోలేరమ్మకు. తిరిగితే మార్కులు పోయేదీ పోలేరమ్మకే. ఉన్నవాడు బేరమాడితే తెలివి, లేనిది బేరమాడితే అనుమానం. అప్పులిచ్చేవాళ్లకు తమ భయాలు తమకుంటాయి, ఏడు చోట్ల చెయ్యి చాపిన మనిషి ఎగ్గొడుతుందేమోనని జాగ్రత్తపడటం వాళ్ల హక్కే కావచ్చు. ఆ జాగ్రత్త సంగతి అవతలి మనిషికి ముందుగా చెప్పకపోవడం ఏ హక్కు కిందికి వస్తుంది? దారిలో గుంట తవ్వి, పైన ఆకులు కప్పి, పడ్డాక నీకు నడవడం రాదనడం కాదా ఇది?

సుప్రియ ఒక్క మేలు చేసింది. భోజనం వేళలో బయటికి వచ్చి, పోలేరమ్మ తన పేరు మీద ఉన్న చరిత్రను తన ఫోనులోనే ఎలా చూసుకోవాలో చూపించబోయింది. పోలేరమ్మ ఫోను వెనక్కి లాక్కుంది. వద్దు తల్లీ, నేను చూసినా ఇంకో నాలుగు మార్కులు కొట్టేస్తారేమో అంది. మన స్కోరు మనం చూసుకుంటే ఒక్క మార్కూ తగ్గదని, ఏడాదికొకసారి మొత్తం కాగితం ఉచితంగానే ఇస్తారని సుప్రియ నచ్చజెప్పాల్సి వచ్చింది. ఎదురు జిరాక్సు షాపులో అచ్చు తీయించారు. బ్యాంకుది పోను ఏడు పేర్లు. మూడు తాను అడిగినవి. నాలుగు పేర్లు ఆమె పుట్టి ఎన్నడూ విననివి. అందులో ఒకటి క్రెడిట్ కార్డు కోసమట. చేపల గంప మోసే మనిషి క్రెడిట్ కార్డు అడిగిందట.

మరునాడు ఉదయం ఆమె పడవల దగ్గరికి పోలేదు. నేరుగా షెడ్డు పక్క గొడుగు కిందికి వెళ్లి ఆ కాగితం క్రాంతి కుమార్ ట్యాబు మీద పరిచింది.

"మూడే గదా నేను చెప్పింది. ఈ నాలుగింటినీ ఎవురడగమన్నారు నిన్ను?"

అతను తడుముకోలేదు. నీ మంచికేనక్కా, ఎక్కడో ఒకచోట తగులుద్దని అన్నిచోట్లా పెట్టినా అన్నాడు. ఓకే నొక్కినావు గదా, దాంట్లోనే అన్ని కంపెనీలకూ ఒప్పుకున్నట్టు ఉంటదన్నాడు.

"ఒక్కో చోట నా పేరు ఎక్కిస్తే నీకెంత ఇస్తారు?"

ఆ ఒక్క ప్రశ్నకు అతను నవ్వి, కాగితం మడిచి తిరిగిచ్చాడు. ఆ నవ్వే జవాబు. అప్పు వచ్చినా రాకపోయినా, ఎక్కించిన పేరుకు ఇంత అని అతనికి ముడుతుంది. పోలేరమ్మ పేరు అతనికి ఏడుసార్లు పండింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు విన్నారు గానీ, వేలం మొదలవుతోంది, ఎవరి గంపలు వాళ్లవి. వెళ్లిపోయారు.

నేను అడగలేదు, నా పేరు తీసేయండని నాలుగు కంపెనీలకూ, ఆ చరిత్ర రాసే సంస్థకూ సుప్రియ సాయంతో ఫిర్యాదులు పంపింది. జవాబుకు ముప్ఫై రోజులు గడువట. పేరు ఎక్కించడానికి ముప్ఫై సెకన్లు కూడా పట్టలేదు.

సమాధానం నెలాఖరు దాటాక ఇంకో మూడు రోజులు ఆగాడు. నాలుగో రోజు కాళ్లీడ్చుకుంటూ తానే మైపాడు వచ్చాడు. పోలేరమ్మ ఇచ్చిన టీ గ్లాసు చేతిలో పట్టుకుని కూచున్నాడు, తాగలేదు. "ఆపరేషనుకు డేటు ఇచ్చేసినారమ్మా," అన్నాడు. పోలేరమ్మ తలూపింది. ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవాలని చూసింది, రాలేదు. ఆ కోపం చేరాల్సిన చోటు ఎక్కడో అద్దాల మేడలో, ఏ ఊళ్లోనో, ఏ మెషీనులోనో ఉంది. అక్కడికి బస్సు లేదు.

పది రోజుల తర్వాత ఇందుకూరుపేట స్టాపులో గంపతో నిలబడి ఉండగా ఆ బండి ఎదురొచ్చింది. ఐసుపెట్టె పీకేసి కోళ్ల గూళ్లు కట్టారు. దాని వెనకే ఈకలు ఎగిరొచ్చి ఆమె గంప మీద వాలాయి. ఆమె ఒక్కొక్కటే ఏరి పారేసింది. అప్పుడే వచ్చిన బస్సు గంపను చూసి ఆగకుండా పోయింది.

ముప్ఫై రోజులకు జవాబులు వచ్చాయి. నాలుగింటిలో రెండు పేర్లు తీసేశారు. మిగిలిన రెండు కంపెనీలు మాత్రం మీరు ఓకే నొక్కినట్టు మా దగ్గర ఉంది అన్నాయి. స్కోరు కొంచెం లేచింది గానీ బ్యాంకు గీతకు ఇంకా కిందే ఉంది. ఈలోపు ఎక్కడా అడక్కండి, దసరా దాటాక మళ్లీ చూద్దాం అంది సుప్రియ. ఆమె బల్ల మీద ఇప్పుడు పదిహేనో ముక్క చేత్తో రాసి అంటించి ఉంది. పోలేరమ్మ దాన్ని చదివింది. మంచిదన్నట్టు తలూపలేదు, మెచ్చుకోనూలేదు. తన బండి పోయాక అంటించిన కాగితం అది.

ఆ మరుసటి రోజు పొద్దున షెడ్డు పక్కన గొడుగు కింద పెంచలమ్మ కూచుని ఉంది. పోలేరమ్మతో పాటు గంప మోసే మనిషే. ఇంటికి రేకులు వేయించుకోవడానికి అప్పు కావాలి. వెనక ఇంకో నలుగురు ఆడవాళ్లు, వాళ్ల చేతుల్లో ఫోన్లు. పెంచలమ్మ కళ్లజోడు సర్దుకుని ఫోనులో వచ్చిన అంకెలు చదవడం మొదలుపెట్టింది. నాలుగు అంది, తొమ్మిది అంది. మూడో అంకె చదివే లోపల పోలేరమ్మ వచ్చి ఫోను మీద అరచెయ్యి పెట్టేసింది.

"ఆగమే. అబ్బయ్యా, ముందు కాగితం మీద రాయి. ఎన్ని కంపెనీలను అడగతావో, వాటి పేర్లేందో. రాసి సంతకం పెట్టు. ఆ తరవాత చెప్తది."

"అట్టా రాసిచ్చే పద్ధతి లేదక్కా," అన్నాడు క్రాంతి కుమార్.

"అయితే అంకెలు చెప్పే పద్ధతి కూడా లేదు."

అతను ఆమెను వదిలేసి పెంచలమ్మ వైపు తిరిగాడు. గొంతు మెత్తగా మార్చుకున్నాడు. "ఊరికే చూడటమే గదక్కా. నువ్వు చెప్పు. అడిగితే పోయేదేముంది?"

"నా బండి పోయింది," అంది పోలేరమ్మ.

గట్టిగా అనలేదు. పక్కన వేలం పాడే మనిషి ఒక్క క్షణం ఆగినప్పుడు అంది, అందుకని అందరికీ వినపడింది. ఆరోజు ఆమె కాగితం పరిచినప్పుడు వెళ్లిపోయిన ఆడవాళ్లే వాళ్లు. ఈసారి ఎవరూ కదల్లేదు. పెంచలమ్మ ఫోనును కొంగులోకి తీసుకుంది. అందులో అంకెల గడువు అయిపోయింది.

"నా ఆధార్ జిరాక్సు ఇటియ్యి," అంది పెంచలమ్మ.

ఆమె వెనకాల ఇంకో చెయ్యి చాచుకుంది, ఆ వెనక ఇంకొకటి. క్రాంతి కుమార్ రేపు తెచ్చిస్తానన్నాడు, ఆఫీసులో ఉన్నాయన్నాడు. సంచి అతని ఒళ్లోనే ఉంది. చేతులు అలాగే ఉన్నాయి. చివరికి జిప్పు లాగాడు. ఊళ్లో సగం మంది మొహాలు నల్లటి జిరాక్సు మరకలై ఆ సంచిలోంచి బయటికి వచ్చాయి. పేరు చదవలేనివాళ్లు ఫొటో చూసి గుర్తుపట్టి తీసుకున్నారు.

పోలేరమ్మవి అడుగున ఉన్నాయి. ఆమె అతనికి ఇచ్చింది ఒక్క కాపీ. సంచిలో అయిదున్నాయి. అయిదూ అతని కళ్ల ముందే ఒకటికి రెండుసార్లు చూసి, మడిచి, లైసెన్సు ఉన్న ప్లాస్టిక్ కవరులోనే పెట్టుకుంది. అతను ఇక ఏ ఊళ్లో గొడుగు వేస్తాడో తెలుసుకుని ఆ ఊరి ఆడవాళ్లకు ఫోన్లు చేయాలని పెంచలమ్మతో చెప్పింది.

ఆ తర్వాత ఖాళీ గంప చంకన పెట్టుకుని పడవల వైపు నడిచింది. మొదటి పడవ దగ్గర ఆగి ధర అడిగింది. పెదవి విరిచి ముందుకు పోయింది.